అద్దంలో శత్రువులు, అద్దం వెనక చందమామ

స్పేస్ ఇన్వేడర్స్ ఆడినవాళ్ళలో చాలామందికి అందులో ఒక చందమామ ఉన్నాడని తెలీదు. మనం ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో ఆడతాం కాబట్టి నల్లటి తెర, బారులు తీరి దిగొచ్చే బొమ్మలు తప్ప ఇంకేం కనపడదు. 1978లో టైటో కంపెనీ కోసం తొమోహిరో నిషికాడో చేసిన ఈ ఆటని అమెరికాలో మిడ్‌వే కంపెనీ నిలువు పెట్టెల్లో పెట్టి అమ్మింది. ఆ పెట్టెలో టీవీ మన మొహానికి ఎదురుగా ఉండదు. అడుగున వెల్లకిలా పడుకుని ఉంటుంది. దాని పైన ఏటవాలుగా ఒక సగం అద్దం. టీవీలోని తెల్లటి బొమ్మలు అందులో ప్రతిఫలించి మన కంటికి చేరతాయి. సగం అద్దమే కాబట్టి దాని వెనకున్నది కూడా కనిపిస్తుంది. అక్కడ రంగులేసిన చంద్రతలం ఉంటుంది, వెలుతురు పడుతూ. బొమ్మలు దాని ముందు గాలిలో తేలతాయి.

ఇది పాత నాటకాల కిటుకే. 1862లో లండన్‌లో పెప్పర్ అనే ఆయన గాజుపలక అడ్డం పెట్టి స్టేజి మీదకి దెయ్యాన్ని రప్పించాడు. వీడియో గేములు వచ్చాక ఆ దెయ్యం గ్రహాంతరవాసి అయింది.

అసలు తుపాకీ ఆటలు తెరలోకి ఒక్కసారిగా దూకలేదు. 1966 నాటి సెగా వారి 'పెరిస్కోప్' చూడండి. అందులో తెరే లేదు. గొలుసు మీద అట్ట ఓడలు కదులుతుంటాయి, కింద ప్లాస్టిక్ సముద్రం. మీట నొక్కితే ఆ ప్లాస్టిక్ కింద బల్బులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ ఓడ దాకా పోతాయి. అదే టార్పెడో. పదేళ్ళకి, 1976లో, మిడ్‌వే 'సీ వుల్ఫ్' వచ్చింది. ఓడలు టీవీలోకి వెళ్ళిపోయాయి, పెరిస్కోప్ మాత్రం చేతిలోనే ఉండిపోయింది. ఇంకెన్ని టార్పెడోలు మిగిలాయో చెప్పే దీపాలు కూడా టీవీలో కాదు, ఆ గొట్టంలోనే వేరే వెలుగుతాయి. మధ్యలో 1974లో నింటెండో 'వైల్డ్ గన్‌మాన్'లో నిజం సినిమా రీలే వాడేసింది. మనం ముందు కాలిస్తే ఇంకో ప్రొజెక్టర్ వెలిగి విలన్ కూలిపోతాడు. 1977 నాటి 'బూట్ హిల్'లో ఎడారి ఊరి బొమ్మ ముందు ఇద్దరు కాల్చుకుంటారు. అదే ఏడు అటారి 'ట్రిపుల్ హంట్'లో వెనక అడవి బొమ్మలు మార్చుకుంటే ఎలుగుబంటి వేట, రాకూన్ వేట, మంత్రగత్తెల వేట. దీని మీద నాకు పెద్ద గౌరవం లేదు. అడవి మారినా ఆట మారదు. పాత సినిమాలో పాటకో సెట్ వేసినట్టుంటుంది.

ఈ హంగంతా పేదరికం వల్ల వచ్చిందని ఒక మాట ఉంది. చిప్‌కి చుక్కలు పెట్టే ఓపిక లేదు, టీవీకి రంగు లేదు, అందుకని అట్టముక్కలు పెట్టారట. సగం నిజమే. పైగా జపాన్‌లో స్పేస్ ఇన్వేడర్స్‌ని ఎక్కువమంది బల్లల మీద, ఏ చందమామా లేకుండానే ఆడారు. ఆ దేశం ఊగిపోయింది కూడా. మరి అట్టముక్క ఏం చేసినట్టు?

సబ్బవరంలో ఆ పెట్టె దొరికే మాట లేదు కనక ఒకటి చేసుకున్నాను. మిక్సీ వచ్చిన అట్టపెట్టె, పాత ఫొటో ఫ్రేమ్ గాజు, అడుగున ఫోన్. ఎమ్యులేటర్‌లో బొమ్మని తిరగేసే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కాను. వెనక చంద్రతలం లేదు కాబట్టి సింహాచలం కొండ ఉన్న కేలండర్ కాయితం అతికించి, వినాయక చవితికి కొన్న సీరియల్ లైట్లు వేశాను. గ్రహాంతరవాసులు కొండ మీదకి దిగడం మొదలెట్టారు. అటుగా వచ్చిన మా నాయనమ్మ వంగి చూసి, "ఏట్రా ఇది? అప్పన్న కొండ మీద బాంబులేస్తన్నావా?" అంది.

ఇదే ఆట నేను ఫోన్‌లో ఆడినన్నాళ్ళూ ఆవిడ "కళ్ళు పోతాయిరా" అనడం తప్ప ఇంకో మాటనలేదు. ఎక్కడ జరుగుతోందో అడగలేదు, ఎందుకంటే అది ఎక్కడా జరగడం లేదు. కొండ పెట్టగానే కాల్పులకి ఒక ఊరొచ్చింది. ఊరు రాగానే దాని తరఫున కంగారు పడే మనిషీ వచ్చింది. నిషికాడో రాసిన నియమాల్లో ఒక్కటీ మారలేదు, స్కోరూ అదే. కానీ గురి చూస్తున్నప్పుడు కొండకి తగలకూడదనే ఒక పిచ్చి జాగ్రత్త నాకూ మొదలైంది. అద్దంలోని గుండు ఏ కాయితాన్నీ తాకలేదని తెలిసీ.

ఆట అయిపోయాక చూపు వదులవుతుంది. అప్పుడు తల కొంచెం పక్కకి జరిపితే బొమ్మలు ఒక లెక్కన, కొండ ఒక లెక్కన కదులుతాయి. ఈ కదలికని ఫైలుగా దాచలేం. 1997లో నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మామ్ అనే ఎమ్యులేటర్ లేకపోతే నాలాంటివాళ్ళు ఈ ఆటల మొహం చూసేవాళ్ళం కాదు. ఆ రుణం ఉంది. అది చిప్‌లో ఉన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా కాపాడుతుంది. వెనక బొమ్మని స్కాన్ చేసి పెట్టుకునే వీలూ ఇస్తుంది. కానీ ఆ స్కాన్ కూడా చివరికి అదే తెరకి అంటుకుపోతుంది, ముందూ వెనకా ఉండదు.

సురభి నాటకాల మీద రాసేవాళ్ళకి ఈ బాధ ఎప్పటినుంచో తెలుసు. 1885 నుంచి ఆ కుటుంబాలు తెరలు గీసి, తీగలు కట్టి, రెండు బాణాలు ఆకాశంలో ఢీకొనేలా చేస్తూ వచ్చాయి. నాటకం పుస్తకం కొనుక్కుంటే పద్యాలుంటాయి. ఆ తీగ ఎవరు, ఎప్పుడు, ఎంత లాగాలో అందులో ఉండదు.

విశాఖ బీచ్ రోడ్డులో దీనికి తలకిందులు ఉంది. ఐఎన్ఎస్ కురుసుర 1969 నుంచి 2001 దాకా నీళ్ళలో పనిచేసి, 2002 నుంచి ఇసుకలో మ్యూజియంగా ఉంది. తొంభై మీటర్లు దాటిన ఇనుము, పది టార్పెడో గొట్టాలు, మీటలు, గొలుసులు, ఇరుకు మంచాలు. శత్రువు లేడు, సముద్రం పక్కనే ఉన్నా లోపలికి రాదు. ఎమ్యులేటర్‌లో ఆట మిగిలి సెట్టు పోతే, ఇక్కడ సెట్టు మిగిలి ఆట పోయింది. అయినా ఇందులో నడిచినవాడు సీ వుల్ఫ్ ఆడినవాడికంటే ఎక్కువ ఊహించగలడని నా వాదన. భుజం తలుపు చట్రానికి కొట్టుకుంటే, మిగతాది మనసు కట్టుకుంటుంది.

అందుకే పాత ఆటలు సేకరించేవాళ్ళు ముందు ప్లైవుడ్‌నీ గాజునీ రంగునీ చూడాలంటాను. కోడ్‌కి లక్ష కాపీలు తీయొచ్చు, చెక్కకి చెదలు పడుతుంది. అద్దం ఎంత ఏటవాలు, బల్బు ఎంత దూరం, బొమ్మ గీసిందెవరు, ఇవి ఇప్పుడే కొలిచి రాసుకోవాలి. ఇక పెరిస్కోప్ సంగతి మరీ తేలిక, లేదా మరీ కష్టం. ఎమ్యులేట్ చేద్దామంటే అందులో కోడ్ ఒక్క లైను కూడా లేదు.