ప్రాణమున్న లోడు

కడియపులంకలో కాలవ గట్టు పక్కన పది చక్రాల లారీ వెనక తలుపు దించుకుని నిలబడి ఉంది. తొట్టి ఖాళీ. సరుకెత్తే ముఠా మేస్త్రి ఒక్కడే లోపలికెక్కి ఈ చివర నుంచి ఆ చివరకు రెండుసార్లు నడిచాడు. నేలచెక్కలో పైకి తేలిన మేకు పాదానికి తగిలితే సుత్తి అడిగి దిగ్గొట్టాడు. తర్వాత కింద వరసగా పెట్టిన మొక్కల వైపు చూస్తూ చాలాసేపు కదల్లేదు. సగం పని ఆ చూపులోనే జరిగిపోయిందని, చీకటి పడి లారీకి ఆఖరి ముడి పడేదాకా నాకు తెలియలేదు.

దూరప్రయాణమంటే మనకు ప్రయాణించిన మనిషే గుర్తొస్తాడు. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో వందమంది దాకా పరివారంతో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, కలకత్తా మీదుగా తూర్పు తీరం పట్టుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర ఇప్పటికీ చదువుతున్నాం. విశాఖపట్నం నుంచి భరద్వాజ్ దయాళ 2006 ఏప్రిల్‌లో కరిజ్మా మోటార్‌సైకిల్ మీద ఒంటరిగా బయల్దేరి, ప్రపంచం చుట్టి 2007 అక్టోబరులో తిరిగొచ్చాడు. ఆ ఇద్దరి ప్రయాణాలూ నాకు ఇష్టమే. అయితే వందమంది సామానైనా, ఒక్క మోటార్‌సైకిల్‌కి కట్టిన రెండు సంచులైనా, బయల్దేరేముందు ఎవరో ఒకరు కూర్చుని సర్దాలి. బరువు ఎక్కడ పెట్టాలి, ఏది ముందు చేతికందాలి, ఏది తడవకూడదు అని ఆలోచించాలి. ఆ సర్దడం గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయలేదు. గోదావరి జిల్లాల్లో అది కొన్ని వేలమందికి రోజూ అన్నం పెట్టే విద్య. ఇక్కడి నుంచి రోడ్డు మీద దూరం పోయే సరుకు చాలావరకు ఇనుమూ సిమెంటూ కాదు. మొక్క, అరటి గెల, చేప. దారిలో వాడిపోయేవి, మగ్గిపోయేవి, కుళ్ళిపోయేవి.

ఈ కడియం ప్రాంతపు నర్సరీల మొక్కలు దేశమంతా వెళతాయి. కలకత్తా వెయ్యి కిలోమీటర్ల పైమాట. గౌహతి దానికి ఇంచుమించు రెట్టింపు. మూడు నాలుగు రోజులు లారీలో ఉండి దిగిన మొక్క మళ్ళీ చిగురు వెయ్యాలి. ఆ చిగురు కోసం పని లోడు ఎత్తేరోజు మొదలు కాదు, అంతకు ముందు రోజే మొదలవుతుంది. మొక్కలకు నీళ్ళు ముందు రోజు పెడతారు. ఎత్తేముందు పెడితే వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి బురదై, చేతిలో జారి, కవరులోనే విడిపోతుంది. అసలు పెట్టకపోతే ఎండిన మట్టి కుదుపులకు పొడిగా రాలి వేరు బయటపడుతుంది. మేస్త్రి ఒక కవరును రెండు చేతులతో పట్టుకుని బొటనవేళ్ళతో నొక్కి చూపించాడు. "చపాతీ పిండిలా ఉండాలండి, ఆయ్. వేలు దిగాలి, వేలికి అంటకూడదు." ఆ ఒక్క మాట పుస్తకంలో రాయాలంటే తేమ శాతాల పట్టిక ఒకటి కావాలి.

ముందు పెద్ద చెట్లు ఎక్కాయి. రాయల్ పామ్‌లు, ఒక్కొక్కటి ఆరుగురు మోసే బరువు. వేళ్ళ సంచులు క్యాబిన్ వైపు, తలలు వెనక్కి. ఇందులో రెండు లెక్కలున్నాయి. లారీ పోతుంటే గాలి ముందు నుంచి వెనక్కి కొడుతుంది. ఆకులు ఆ దారినే వాలి ఉంటే దువ్విన జుట్టులా సర్దుకుపోతాయి. తలలు ముందుకుంటే ప్రతి ఆకూ గాలికి ఎదురు నిలబడి, మట్ట దగ్గర విరిగిపోతుంది. రెండోది బరువు లెక్క. మట్టి సంచుల బరువంతా వెనక ఇరుసు దాటి తోక మీద పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. బరువు ముందు, వెనక ఇరుసుల మధ్య కూర్చుంటే బండి నేలను పట్టుకుని పోతుంది. 2018లో పది చక్రాల లారీకి మొత్తం బరువు పరిమితి 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు. ఎంత ఎక్కించొచ్చో ఆ అంకె చెబుతుంది. ఎక్కడ ఎక్కించాలో చెప్పదు.

పామ్ సంచుల మధ్య మిగిలిన సందుల్లోకి ఎండుగడ్డి చుట్టలు వెళ్ళాయి. అప్పుడు చిన్న కవర్లు మొదలయ్యాయి: నందివర్ధనం, మందారం, క్రోటన్లు, అంటు మామిళ్ళు. వాటిని నిలబెట్టలేదు, పడుకోబెట్టారు. కవరు అడుగు తొట్టి గోడకు, తల లోపలికి. రెండు వైపుల నుంచి వచ్చిన తలలు మధ్యలో కలుసుకుంటాయి. బయట ఏది తగిలినా మట్టికి తగులుతుంది కానీ ఆకుకు తగలదు. పై వరస కింది వరస మీద సరిగ్గా కూర్చోదు, ఇటుకల గోడలాగా సగం జరిగి రెండు కవర్ల మధ్య పల్లంలో కూర్చుంటుంది. అలా పేరిస్తే కుదుపుకు ఏదీ దొర్లదు, ఒకటి ఇంకొకదాన్ని పట్టుకుంటుంది. కింద నిలబడి కవర్లు అందిస్తున్న కుర్రాడు తొందరలో ఒక మామిడి అంటును కాండం పట్టుకుని ఎత్తాడు. మేస్త్రి గొంతు పెంచలేదు. "ఒరే అబ్బాయ్, పిల్లోణ్ణి మెడ పట్టుకుని ఎత్తుతావేంట్రా? అడుగు పట్టుకో." అంటు కట్టిన చోట కాండం ఇంకా పూర్తిగా అతుక్కుని ఉండదు. మట్టి బరువు దాని మీద వేలాడితే అక్కడ కంటికి కనపడని చీలిక వస్తుంది. మొక్క పచ్చగానే ఊరు చేరి, పాతిన నెలకు ఎండిపోతుంది. తప్పు ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ తప్పు జరగకుండా చూసే మనిషి ఈ గట్టు మీద ఉన్నాడు, అదే నాకు గొప్పగా అనిపించింది.

ఈ లోడు మూడు ఊళ్ళలో దిగాలి. అంటే చివర దిగేది ముందు ఎక్కాలి, ముందు దిగేది తలుపు దగ్గరుండాలి. అంతవరకూ ఎవరైనా చెబుతారు. మొదటి ఊళ్ళో మూడో వంతు దిగిపోయాక మిగిలినవి ఖాళీలోకి కూలకూడదు కదా. అందుకని ఒక్కో ఊరి సరుకుకీ మధ్య వెదురు బొంగులు అడ్డం కట్టి, ఒక్కో భాగం తనంతట తాను నిలబడేలా పేర్చాడు. కాగితం మీద ఒక్క గీత గీయలేదు. ఖాళీ తొట్టిలో రెండుసార్లు నడిచినప్పుడు గీసుకున్నది ఈ గీతలేనన్నమాట.

ఇక తాడు. కొబ్బరి పీచు తాళ్ళు కోనసీమ ఇంటి సరుకు. ఇప్పుడు లారీలకు నైలాన్ తాళ్ళే ఎక్కువ. పీచు తాడు గరుకుగా పట్టుకుంటుంది. నైలాన్ తాడు నున్నగా ఉండి, బిగిస్తే కత్తిలా బెరడులోకి దిగుతుంది. అందుకే తాడు చెట్టును తాకే ప్రతిచోటా గోనెసంచి ముక్క మడిచి పెట్టారు. ముడి వేసే తీరు చూడాలి. పై నుంచి వచ్చిన తాడుకు మధ్యలో ఒక మెలిక తిప్పుతారు. కొసను కింద కొక్కేనికి తగిలించి, పైకి తెచ్చి, ఆ మెలికలోంచి దూర్చి కిందికి లాగుతారు. ఆ మెలిక గిలకలా పనిచేసి, మనిషి లాగిన బలాన్ని పెంచుతుంది. ఇంకొకరి సాయం కావాల్సిన బిగువు ఒక్కడే తెస్తాడు. అంత బిగిసిన ముడి దించేచోట కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే విడిపోతుంది. కోయక్కర్లేదు, గోళ్ళతో పీకక్కర్లేదు. బిగించిన తాడును మేస్త్రి వేలితో మీటి, చెవి ఒగ్గి విన్నాడు. ఒక వైపు తాడు బొంగురుగా పలికింది. మళ్ళీ బిగించారు.

పైన టార్పాలిన్ కప్పుతారనుకున్నాను. కప్పలేదు. నర్సరీలో నీడకు కట్టే ఆకుపచ్చ వల కప్పారు. టార్పాలిన్ కింద మధ్యాహ్నం ఆవిరి పట్టి ఆకు ఉడికిపోతుంది. ఏమీ కప్పకపోతే గాలి ఆకులోని నీటినంతా పీల్చేస్తుంది. వల గాలిని ఆపదు, దాని వేగం తగ్గిస్తుంది.

రావులపాలెం అరటిది ఇంకో రకం చిక్కు. మొక్కను వాడకుండా చూడాలి, గెలను మగ్గకుండా చూడాలి. కోసిన తర్వాత కూడా గెల ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆ ఊపిరి వేడి పుట్టిస్తుంది. పండుతున్న కాయ వదిలే ఇథిలీన్ వాయువు పక్క కాయను కూడా పండిస్తుంది. కాబట్టి వెయ్యి గెలల్లో ఒక్క పండిన అత్తం దాక్కుని ఉన్నా లోడు మొత్తం దారిలోనే పసుపెక్కుతుంది. కర్పూరం, చక్కెరకేళి గెలలు ఎక్కేచోట తలుపు దగ్గర నిలబడే మనిషి ప్రతి గెలనూ ఒక్క క్షణం తిప్పి చూసి లోపలికి పంపుతాడు. కాయ కోణాలు ఇంకా పదునుగా ఉన్నాయా, గుండ్రబడ్డాయా అని చూస్తాడు. గుండ్రబడినది దగ్గర ఊరి బండికి పోతుంది. కింద ఎండు అరటాకు మందంగా పరుస్తారు, గెలలు నిలబెడతారు, వరసకీ వరసకీ మధ్య గాలి పోయే సందు వదులుతారు. ఆ సందు లారీ కదులుతున్నప్పుడే పనిచేస్తుంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చి రాష్ట్రాల సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు తీసేసేదాకా, ఇచ్ఛాపురం దగ్గర ఆగిన ప్రతి గంటా గెలకు ఒక పూట వయసు కలిపేది. అప్పటి మేస్త్రులు ఆ ఆగడాన్ని కూడా లెక్కేసుకుని ఇంకొంచెం లేత కాయ ఎక్కించేవారు.

భీమవరం, ఆకివీడు చేపల లారీల దగ్గర నేను ఎక్కువసేపు నిలబడలేదు, ఆ చలికి కాళ్ళు కొంకర్లు పోతాయి. కానీ ఒక్క విషయం మరిచిపోలేను. హౌరా దాకా పోయే శీలావతి, బొచ్చె చేపల ట్రేలకు అడుగున చిల్లులుంటాయి. ఐసు నీరు వృథా పోతోందే అనుకున్నాను. కారడమే కావాలట. పైన కరిగిన చల్లటి నీరు చేప మీదుగా కారుతూ వేడిని మోసుకుపోతుంది. నిలిచిపోతే ఆ నీళ్ళలోనే చేప నాని పాడవుతుంది. వేడి బయట నుంచే కదా వచ్చేది, అందుకని తొట్టి గోడల వెంటా పై వరసలోనూ ఐసు ఎక్కువ, మధ్యలో తక్కువ.

ఈ లెక్కలన్నీ వీళ్ళకెక్కడివని ఆలోచిస్తే నాకు కాలవలే గుర్తొస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక, డెల్టా కాలవలు నీళ్ళతో పాటు సరుకునూ మోశాయి. ధాన్యం పడవ మీద బస్తా ఒక వైపు ఎక్కువైతే పడవ ఒరుగుతుంది, ముందు ఎక్కువైతే ముక్కు మునుగుతుంది. తప్పు చేసిన మరుక్షణం నీరు చెప్పేస్తుంది. రోడ్డు అంత త్వరగా చెప్పదు, రెండు వందల కిలోమీటర్ల తర్వాత మలుపులో చెబుతుంది. పడవకు బస్తాలెత్తిన తాతల కంటి లెక్కే లారీ తొట్టిలోకి వచ్చిందని నా నమ్మకం. 1974లో రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. గౌతమి మీద, వశిష్ఠ మీద ఉన్న వంతెనల వెంట 5వ నంబరు జాతీయ రహదారి సరుకును మద్రాసుకూ కలకత్తాకూ మోసింది. 2010లో దాని నంబరు 16 అయింది. పడవలు ఆగిపోయాయి, ముఠాలు ఆగలేదు.

కడియపులంకలో చీకటి పడింది. ఎండ తగలకుండా రాత్రి పూటే ఎక్కువ దూరం నడపమని, మధ్యాహ్నం చెట్టు నీడలో ఆపి వల మీద నీళ్ళు చల్లమని డ్రైవరుకు మేస్త్రి చెప్పాడు. "పోసెయ్యొద్దు గురూగారూ, చల్లండి. పోస్తే కింద మట్టి జారిపోద్ది." డ్రైవరు తలూపి ఎక్కాడు. లారీ గట్టు దిగేటప్పుడు కుడి పక్కకు బాగా వాలింది. అందరం అటే చూశాం. పామ్ ఆకుల కొసలు వలలోంచి ఒక్కసారి ఊగాయి, లోపల ఏదీ కదిలిన చప్పుడు రాలేదు. మేస్త్రి అప్పటికే కాలవలోకి దిగి మోచేతుల దాకా మట్టి కడుక్కుంటున్నాడు. వెనక ఇంకో లారీ తలుపు దించుతున్నారు.