స్వతంత్ర అంతర్జాల రేడియో: సంకలన ధర్మము

మన సాహిత్యచరిత్రలో సంకలనకర్తకు కవితో సమానమైన గౌరవము లభింపలేదు. అయినను మడికి సింగన సకలనీతిసమ్మతమును, పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమును కూర్పకుండినచో, కాలగర్భమున గలిసిన కావ్యములు కొన్ని యుండెనన్న సంగతియే మనకు తెలియకపోయెడిది. తెనాలి రామలింగకవి రచించిన కందర్పకేతువిలాసము నేడు లభ్యము కాదు. అందలి పద్యములు కొన్ని జగ్గన యేరి యుంచుటచేతనే మిగిలినవి. ఏరుట రచనకంటె తక్కువ పని కాదనియు, అదియు నొక విధమైన విమర్శయే యనియు ఇట్టి గ్రంథములు తెలుపుచున్నవి. ఈ దృష్టితో నేటి యొక శ్రవ్యరూపమును, అనగా నానావిధ సంగీతమును వినిపించు స్వతంత్ర అంతర్జాల రేడియోను, పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

స్వతంత్రమనగా ప్రభుత్వమునకు గాని పెద్ద వ్యాపారసంస్థకు గాని లోబడనిది. నానావిధమనగా ఏ యొక్క సంప్రదాయమునకు కట్టుబడక నలుదెసలనుండి గీతములను తెచ్చి కూర్చునది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2000లో ఆరంభమైన సోమా ఎఫ్.ఎం. ప్రకటనలు లేక శ్రోతల విరాళములతో నడచుచున్నది. లండనులో 2011లో ఎన్.టి.ఎస్. రేడియోయు, ఢిల్లీలో 2017లో బాక్సౌట్ ఎఫ్.ఎం.యు పుట్టినవి. ఇట్టి కేంద్రమునకు ఆకాశమంటు ప్రసారస్తంభముతో పని లేదు. ఒక గది, ఒక కంప్యూటరు, పాటల నెరిగిన మనిషి యున్న చాలును. ఆ యెరిగిన మనిషియే మా చర్చకు కేంద్రము.

హైదరాబాదున ఈ విషయమునకు పూర్వచరిత్ర కలదు. లక్డీకాపూల్ ప్రాంతమునకు చేరువనే, సైఫాబాదున, ఆకాశవాణి కేంద్రమున్నది. దాని మూలము దక్కను రేడియో. తపాలా తంతి శాఖలో ఉద్యోగియైన మహబూబ్ అలీ స్వయముగా నెలకొల్పిన చిన్న ప్రసారకేంద్రము 1935లో నిజాము ప్రభుత్వము చేతిలోనికి పోయెను. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడములు ఆ కేంద్రమున వినబడెడివి. 1950 ఏప్రిలు 1న భారతప్రభుత్వము దానిని గైకొనెను. ఒక వ్యక్తి యభిరుచిగా మొదలైనది సంస్థానపు వాణియై, పిదప దేశపు వాణియైనది. ఈ క్రమమున దానికి బలము హెచ్చినది. ఏరువాని ముఖము మాత్రము మరుగుపడినది.

ఆకాశవాణి చేసిన సేవను తక్కువ చేయరాదు. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు తెలుగు లలితసంగీతమునకు రూపు దిద్దినది ఆ సంస్థయందే. కాని ప్రభుత్వము చేయు ఎన్నికలో నొక దోషము కలదు: కొందరి రుచి దేశమంతటికి శాసనమగును. 1940లో హార్మోనియము రేడియోనుండి బహిష్కృతమయ్యెను. 1971లో గాని ఆ కట్టడి సడలలేదు. మన పద్యనాటకమునకు హార్మోనియమే శ్రుతి. కవ్వాలీకి అదియే ఊపిరి. 1952లో బి.వి. కేస్కర్ సమాచారప్రసార మంత్రియైన పిమ్మట సినిమాపాటలు ఆకాశవాణిలో దాదాపు వినరాకపోగా, శ్రోతలు రేడియో సిలోను వైపు మరలిరి. వారిని తిరిగి రప్పించుకొనుటకే 1957లో వివిధభారతిని నెలకొల్పవలసివచ్చెను.

2006లో హైదరాబాదున ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రములు వచ్చినంతనే వ్యవహారము తలక్రిందులయ్యెను. ఒకనాడు వెలియైన సినిమాపాటయే తక్కిన పాటలను వెలివేసెను. ప్రకటనలపై బ్రతుకు కేంద్రము ఎక్కువమంది ఎరిగిన పాటనే వినిపించును. తెలియని పాట దానికి నష్టము. ఇక నేడు పాటల నందించు యంత్రగణన మూడవ విధమైన ఎన్నిక. అది శ్రోత నిన్న విన్నదానిని పోలినదానినే నేడు చేతికందించును. ప్రభుత్వము శ్రోతను సంస్కరింపదలచెను, వ్యాపారము తృప్తిపరుపదలచెను, యంత్రము అద్దము పట్టుచున్నది. ఈ మూడింటిలో ఏదియు శ్రోతకు తానెరుగని సహృదయుని పరిచయము చేయదు.

అన్నిటిని కలగాపులగముగ వినిపించుట అభిరుచి యెట్లగును? అది రుచిలేమియే కాదా యని కొంద రాక్షేపింపవచ్చును. ఆక్షేపము త్రోసివేయదగినది కాదు. ఒక ఉదాహరణముతో పరిశీలింతము. చుక్క సత్తయ్య ఒగ్గుకథను, హైదరాబాదు కవ్వాలుడు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గానమును, అలన్ లోమాక్స్ 1947, 48 సంవత్సరములలో మిసిసిపీ రాష్ట్రపు పార్చ్‌మన్ కారాగారమున రికార్డు చేసిన నల్లజాతి ఖైదీల పనిపాటను ఒకదాని వెంట నొకటి వినిపించిరనుకొందము. భాష వేరు, మతము వేరు, ఖండము వేరు. కాని మూడింటను ఒకడు ఎత్తుకొనును, తోడివారు అందుకొందురు. మన వారు దీనినే వంత యనిరి.

ఇంతటితో నిలిచిన అది పోలిక మాత్రమే. వరుసగ వినిన కొలది భేదము స్పష్టమగును. ఒగ్గుకథలో వంత కథకుని మాటకు సాక్ష్యము పలుకును. కవ్వాలీలో ఒకే పాదము మరల మరల తిరిగి వచ్చుచు అర్థమును దాటి భావావేశమును చేరును. కారాగారపు పాటలో వంత గొడ్డలి వ్రేటులను ఏకము చేసి, నెమ్మదిగ పనిచేయు బలహీనుడు కావలివాని కంటబడకుండ కాపాడును. ఒకే నిర్మాణము మూడు ధర్మములను నిర్వహించుచున్నదని వ్యాఖ్యానము లేకయే తెలియుట ఆ కూర్పు ఫలితము. పాటల నడుమనున్న సంబంధమే సంకలనకర్త రచన. ఆ సంబంధము లేనిచో ఎన్ని దేశముల పాటలైనను కుప్పయే గాని కూర్పు కానేరవు.

కావున ఇట్టి రేడియోను విమర్శించుటకు మూడు లక్షణములను మేము ప్రతిపాదించుచున్నాము. మొదటిది సంబంధము: ఒక పాట పిమ్మట వేరొకటి యేల వచ్చెనో వినికిడిచేతనే తెలియవలెను. రెండవది నామోల్లేఖము: గాయకుని, వాద్యకారుని, రికార్డు చేసినవారిని పేర్కొనవలెను. జగ్గన పద్యముతోపాటు కావ్యనామమును చెప్పుటచేతనే ఆతని గ్రంథము చరిత్రకు ఆధారమైనది. జానపదమని మాత్రమే చెప్పి పాడినవాని పేరు విడుచుట అపహరణమునకు సమీపమైన పని. మూడవది స్థానము: ప్రపంచమంతటినుండి ఏరినను, తాను ఏ యూర నిలిచి ఏరుచున్నదో తెలియవలెను. హైదరాబాదునుండి వెలువడు కూర్పులో మర్ఫా మ్రోతకు, ఒగ్గు డోలునకు చోటు లేనిచో అది వేరొక నగరపు కూర్పునకు నకలగును.

ఈ స్వాతంత్ర్యమునకు గల ఆటంకమును గూడ చెప్పవలెను. అంతర్జాల రేడియో ఆకాశతరంగములను వాడదు గనుక తరంగముల లైసెన్సు దాని కక్కరలేదు. కాని పాటల హక్కులు తప్పవు. 1957 నాటి కాపీరైటు చట్టమున 2012లో చేర్చిన 31డి విభాగము ప్రసారసంస్థలకు నిర్ణీత రుసుముపై ప్రకటితగీతములను వినిపించు వీలు కల్పించినది. కోరిన పాట నందించు ఒక అంతర్జాలసేవను గూర్చిన వివాదమున, ఆ విభాగము అంతర్జాలమునకు వర్తింపదని బొంబాయి హైకోర్టు 2019లో తీర్పు చెప్పెను. 2022లో ధర్మాసనము దానిని ధ్రువపరచెను. కావున చిన్న రేడియో ఆ విభాగమును ధీమాతో ఆశ్రయింపజాలదు. హక్కుదారులతో వేరువేరుగ ఒడంబడికలు చేసికొనవలెను. గీతహక్కుల రుసుము భారముచేత సోమా ఎఫ్.ఎం. సైతము 2002లో కొంతకాలము ఆగిపోయెను. కళాకారునికి ప్రతిఫలము ముట్టుట న్యాయమే. కాని పెద్ద సంస్థకు సాధ్యమైన బేరము చిన్న సంకలనకర్తకు సాధ్యము కాకపోవుట న్యాయము కాదు.

దారి బొత్తిగా మూసికొనిపోలేదు. జహీరాబాదు చెంత మాచునూరున 2008 అక్టోబరు 15న ఆరంభమైన సంఘం రేడియోను దళిత మహిళలు నడపిరి. అది తరంగములపై సాగిన సాముదాయిక రేడియో. అంతర్జాల రేడియో కాదు. అయినను తమ యూరి పాటలను, తమ పలుకుబడిని తామే రికార్డు చేసి తామే కూర్చుకొనుటచేత వారు కొని తెచ్చిన పాటపై ఆధారపడలేదు. స్వతంత్ర రేడియోకు మొదటి సంపద కొన్న పాట కాదు, తాను సేకరించిన పాట యని ఆ కేంద్రము నిరూపించినది.

ఇందు తెలుగు శాఖలకు ఒక కర్తవ్యము కలదు. మన పరిశోధకులు గ్రామముల తిరిగి రికార్డు చేసిన కథాగేయములు పరీక్షకై సమర్పించిన సిద్ధాంతగ్రంథములకు అనుబంధములై అలమారలలో నున్నవి. పాడినవారి సమ్మతితో, వారి పేర్లతో వానిని వినిపించు చిన్న అంతర్జాల రేడియోను ఒక శాఖ నడపుట అసాధ్యము కాదు. జగ్గన తన కాలపు కావ్యములను ఏరునప్పుడు వానిలో ఏవి నశించునో ఎరుగడు. మనమును ఎరుగము, కాని ఏరుటకు తగిన సాధనము మాత్రము మన చేతిలో నున్నది.