రోల్స్ రాయిస్ పక్కన లేత్ మిషన్

పాత కార్ల ప్రదర్శనకు విరాళాలు అడిగే ఉత్తరం ఒకటి ఈ వారం నా బల్ల మీదికొచ్చింది. రాసింది శాలిబండలో ఉండే మిత్రుడు. వాళ్ల తాత కొన్న ల్యాండ్‌మాస్టర్‌ను ఇప్పటికీ నడిపించే మొండి మనిషి. ‘భాష సరిచెయ్యన్నా’ అని ఇచ్చిపోయాడు. భాషకేం ఢోకా లేదు. కింది పట్టిక చూశాకే నాకు ఒళ్లు మండింది. ప్లాటినం దాతకు ముఖద్వారం మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీ, గోల్డ్ దాతకు వేదిక వెనక, సిల్వర్ దాతకు ప్రతి కారు పక్కనా ఒక బోర్డు. ఫ్లెక్సీలతో నాకున్న పగ ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. చార్మినార్‌ను ఏ పక్కనుంచి ఫొటో తీసినా ఎవరో నాయకుడి పుట్టినరోజు మీసాలు అడ్డొస్తున్నాయని రాసి తిట్లు తిన్నవాణ్ని. కారు కంటే ఫ్లెక్సీ పొడుగైతే జనం దేన్ని చూసిపోవాలి?

మిత్రుడు మళ్లీ వచ్చినప్పుడు ఇదే అడిగాను. ‘మరి పైసలెవడిస్తడన్నా?’ అన్నాడు.

ఖర్చుల కాగితం కూడా చూపించాడు. ప్యాలెస్ మైదానం కిరాయి, పోలీసు పర్మిషన్, షామియానా, జనరేటర్, పొద్దున టిఫిన్లు, సాయంత్రం షీల్డులు. ఇవి ఏ ఫంక్షన్‌కైనా ఉండేవే. అసలు ఖర్చు కారును మైదానందాకా తేవడంలో ఉంది. మదీనా చౌరస్తా ట్రాఫిక్‌లో కాసేపు నిలబడితే పాత రేడియేటర్ చాయ్ గిన్నెలా పొంగుతుంది. అందుకని ట్రక్కు మీద ఎక్కించి తేవాలి. ట్రక్కుకు కిరాయి, కారుకు బీమా. పైగా ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపుల్ని, పంపులోని డయాఫ్రమ్‌ను అది మెల్లగా కొరికేస్తుంది. ప్రదర్శన నడిపే క్లబ్బంటే ఈ తలనొప్పులున్నవాళ్లు కూడి ఏడాదికింతని వేసుకునే చందా. నెలనెలా కలుసుకుని కబుర్లాడటానికి అది చాలు, పండగ చెయ్యడానికి చాలదు. ఎంట్రీ ఫీజు పెంచితే ఫియట్ తెచ్చేవాడు, లాంబ్రెట్టా తెచ్చేవాడు ఇంట్లోనే కూర్చుంటారు. బంజారాహిల్స్ బెంజిలు మాత్రం వస్తాయి.

పెళ్లిళ్లకు తిప్పి సంపాదించుకోవచ్చు కదా అనొచ్చు మీరు. మర్ఫా మోగే బారాత్‌కు పాత కారును మించిన గుర్రం పాతబస్తీలో లేదు. కానీ 2021లో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి ‘వీఏ’ సిరీస్ నంబరిస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, చెల్లుబాటు పదేళ్లు. ఆ నంబరు తీసుకున్నాక ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో, పెట్రోలు పోయించుకోవడానికో తప్ప బండి రోడ్డెక్కకూడదు. వ్యాపారానికి అసలే కూడదు. అంటే గౌరవం దక్కింది, బేరం పోయింది.

‘నవాబుల జమానాలో ఈ చందాల గొడవ ఉండేదా?’ అని నిట్టూర్చేవాళ్లు మా వైపు గల్లీకొకరున్నారు. వాళ్లను ఖిల్వత్‌కు తీసుకెళ్లి చౌమహల్లాలోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ముందు నిలబెట్టాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన సిల్వర్ ఘోస్ట్ అది. బాడీ కట్టింది ఇంగ్లండ్‌లోని బార్కర్ కంపెనీ. ఊరేగింపులో దొర జనానికి కనపడాలని వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా అమర్చారు. ఆయన 1911 ఆగస్టులో కన్నుమూశాడు. కారేమో 1912ది. తర్వాత గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ పొదుపు సంగతి ఊరంతా కథలుగా చెప్పుకున్నదే. సింహాసనం కారు తిరిగింది బహు తక్కువ.

1967లో ఆయనా పోయాక మనవడు ముకర్రం జా చేతికొచ్చిన గ్యారేజీ గురించి జాన్ జుబ్రిస్కీ ‘ద లాస్ట్ నిజాం’లో రాశాడు. కార్లు 60. పెట్రోలు, స్పేర్ పార్టుల పద్దు ఏడాదికి సుమారు 90 వేల డాలర్లు. నడిచేవి 4. మిగతా 56 నిలబడ్డచోటే అంత పెట్రోలు ఎట్లా తాగాయో నాకు ఇప్పటికీ అంతు చిక్కదు. తాగిన నోళ్లు వేరే ఉండి ఉంటాయి. విచిత్రమేమిటంటే ముకర్రం జాకు ఇంజిన్లంటే పిచ్చి. బానెట్ ఎత్తి చేతులు నల్లచేసుకోవడమే ఆయనకు దర్బారు. ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఫారం కొన్నాక బుల్డోజర్ల మీదే ఎక్కువ కాలం గడిపాడు. రాజే మెకానిక్కైనా గ్యారేజీ బాగుపడలేదు. జేబు ఒక్కటే కావడం, అందులో చెయ్యి పెట్టేవాళ్లు వేలమంది కావడం దానికి కారణం. చివరికి చౌమహల్లాను ఆయన మొదటి భార్య ప్రిన్సెస్ ఎస్రా పూనుకుని మరమ్మతు చేయించి, 2005లో జనానికి తెరిపించింది. ఇప్పుడు ఆ కారును నేను, మీరు కొన్న టికెట్లు సాకుతున్నాయి. ఇటు బహదూర్‌పురాలో సుధాకర్ గారి వింత కార్ల మ్యూజియం కూడా అంతే. బూటు కారు, వంకాయ కారు చూస్తామని పిల్లలు మారాం చేస్తే పెద్దవాళ్లు టికెట్టు కొంటున్నారు.

దొర జేబు కాదు, కంపెనీ ఫ్లెక్సీ కాదు. మరి ఎవరి డబ్బు? అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో హెర్షీ అనే చాక్లెట్ల ఊరుంది. 1935లో పుట్టిన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికాకు అక్కడొక శాఖ. ఆ శాఖ సభ్యులే దశాబ్దాలుగా అక్టోబరు మేళా నడుపుతున్నారు. అక్కడ మెరిసే కార్ల వరుసల కంటే తుక్కు సంత చాలా పెద్దది. స్థలాలు వేలల్లో ఉంటాయి, ఒక్కోదానికి కిరాయి కట్టాలి. తుప్పుపట్టిన హారన్లు, పగలని హెడ్‌లైటు అద్దాలు, ఎప్పటివో కంపెనీ పుస్తకాలు అమ్మేవాళ్లు కట్టే ఆ డబ్బే మేళాకు పెద్ద ఆసరా.

ప్రదర్శనలోంచి వ్యాపారాన్ని తరమాలని మొదలుపెట్టినవాణ్ని, ఉన్న వ్యాపారం చాల్లేదనే దాకా వచ్చాను. అపార్టుమెంట్ల, నగల దుకాణాల ఫ్లెక్సీలు గేటెక్కి కూర్చున్నాయి. పాత కారుతో నిజంగా బతికేవాడు గేటు బయటే ఉన్నాడు. జుమ్మేరాత్ బజార్లో గుడ్డ పరిచి పాత సామాన్లమ్మేవాడు, ఎక్కడా దొరకని బుష్‌ను లేత్ మీద తిప్పి చేతిలో పెట్టే ఉస్తాద్, సుత్తితో తట్టి తట్టి మడ్‌గార్డును నున్నగా తెచ్చే డెంటింగ్ ముసలాయన. షీల్డు పట్టుకుని ఫొటో దిగేది యజమాని, బండిని అక్కడిదాకా కదిలించింది వీళ్లు.

ఉత్తరంలో ప్లాటినం, గోల్డ్, సిల్వర్ కొట్టేసి స్టాళ్ల కిరాయి రాశాను. స్పేర్ పార్టుల దుకాణదారుకు పూర్తి కిరాయి, గుడ్డ పరిచేవాడికి నామమాత్రం. ఉస్తాద్‌కు కిరాయి లేదు, లేత్ మిషన్‌కు కరెంటు క్లబ్బే ఇవ్వాలి. మిత్రుడు చదివి తల గోక్కున్నాడు. ‘ప్యాలెస్ల ఒప్పుకోరన్నా, గచ్చు మీద గ్రీజు పడ్తది’ అన్నాడు. అయితే ప్యాలెస్ వద్దు, కులీ కుతుబ్ షా స్టేడియం అడగమన్నాను. గ్రీజు మరకకు భయపడే పాలరాయి అక్కడ లేదు. కిరాయి ఎంతో కనుక్కొస్తానని స్కూటరెక్కాడు.