తెల్లనివన్నియు పాలు కావు

తర్కమనగానే మన గృహస్థులలో పెక్కుమంది అది పండితుల వాగ్యుద్ధమని తలంచి పెడమొగము పెట్టుదురు. తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు తెలుగువాడేయని ప్రతీతి యున్నను, ఆ శాస్త్రము మన వీధియరుగు దాటి ఇంటిలోనికి రాలేదు. పశ్చిమదేశములలో 1879లో జర్మను గణితజ్ఞుడగు ఫ్రేగే “అన్ని”, “కొన్ని” యను మాటల పనిని విడదీసి చూపి, తర్కమునకు క్రొత్త రూపము నిచ్చెను. నేడు కళాశాలలలో ఇంగ్లీషు వాక్యములను ఆ గుర్తులలోనికి మార్చి, వాదము నిలుచునో కూలునో పరీక్షించుట అభ్యాసముగా నేర్పుచున్నారు. అభ్యాసము మంచిదే. కాని యది ఇంగ్లీషు వాక్యములతోనే ముగియుట లోపమని మా యభిప్రాయము. మనము ఓటు వేయునది, అప్పు చేయునది, పంట మార్చునది తెలుగు వాక్యములను నమ్మి కదా!

మార్గము కష్టమైనది కాదు. “చెఱకు రైతులందఱు ఋణగ్రస్తులు” అను వాక్యమును విప్పినచో, “ఎవనిని తీసికొన్నను, అతడు చెఱకు రైతైనచో ఋణగ్రస్తుడు” అని తేలును. “కొందఱు ఋణగ్రస్తులు” అన్నచో, “ఒక్కడైనను గలడు, అతడు చెఱకు రైతును, ఋణగ్రస్తుడును” అని యర్థము. మొదటిదానిలో “ఐనచో” యున్నది. రెండవదానిలో “గలడు” అను సాక్ష్యమున్నది. ఈ భేదమును మఱచినవాడు తక్కినదంతయు మఱచినట్లే.

మన భాషలో మఱియొక చిక్కు గలదు. “తెల్లనివన్నియు పాలు కావు” అని యందుము. అక్షరార్థమున, తెల్లనిదేదియు పాలు కాదనవలసి వచ్చును; అప్పుడు పాలే పాలు కాకపోవును! సామెత యర్థము “తెల్లనివన్నియు పాలే యనుట సరికాదు” అని. నిషేధము వాక్యమంతటికిని చెందినదా, లోపలి మాటకు మాత్రమే చెందినదా యని అడుగవలెను. సామెతలో పొరపడువారు లేరు. కాని “రైతులందఱికి సొమ్ము ముట్టలేదు” అని వ్రాసినప్పుడు, ఒక్కనికిని ముట్టలేదా, కొందఱికి మాత్రమే ముట్టలేదా? “ఏ రైతునకును ముట్టలేదు” అనియో, “ముట్టని రైతులు కొందఱు గలరు” అనియో వ్రాయుటకు తెలుగున మాటలు లేకపోలేదు. లోపము భాషది కాదు, వ్రాయువారిది.

ఈ పరీక్ష యెక్కడ నవసరమో చూపుటకు నిజామాబాదు, బోధను ప్రాంతము చాలును. మంజీరపై నిజాంసాగరు 1931లో పూర్తియైనది. ఆ నీటి నాధారముగా జేసికొని 1937లో బోధనులోని శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. 2002లో సంస్థలో నూటికి 51 వంతుల వాటా ప్రైవేటువారికి పోయెను. 2015 డిసెంబరులో శక్కర్‌నగరుతోపాటు మెట్‌పల్లి, మెదకు ప్రాంతములలోని శాఖలును మూతపడెను.

ఈ చరిత్రచుట్టు అల్లుకొన్న వాదములను చూడుడు. “ప్రభుత్వము నడిపినచో నష్టము, కావున ప్రైవేటువారు నడిపినచో లాభము.” మొదటి మాట నిజమే యనుకొన్నను, రెండవది దానినుండి పుట్టదు. ఇద్దఱి చేతను నష్టపడు కర్మాగార మొక్కటి చాలును, వాదమును కూల్చుటకు. ఇప్పుడు దీనినే తిరుగవేసి, “ప్రైవేటువారి చేత మూతపడెను, కావున ప్రభుత్వము నడిపినచో నిలుచును” అనువారు గలరు. వారి కోరిక న్యాయమైనది కావచ్చును. దానికి వేఱు ఆధారములుండవచ్చును. కాని యీ వాదము మాత్రము మొదటిదానికి తోబుట్టువు. మనకు ప్రియమైన నిర్ణయమును చేరినంత మాత్రమున కుంటి వాదము నడువనేరదు.

ఇంకొకటి: “కాలువలో నీరున్నచో చెఱకు వేయుదురు, చెఱకు వేయలేదు, కావున నీరు లేదు.” దీని కట్టడి నిర్దోషము. అయినను నిర్ణయము తప్పు కావచ్చును. ఏలయన మొదటి మాటయే సత్యము కాదు. నీరున్నను, గానుగాడు కర్మాగారము దాపున లేనిచో రైతు వరికి మరలును. కట్టడి వేఱు, సత్యము వేఱు. రెండును పరీక్షింపవలసినవే.

ఇక వాగ్దానముల సంగతి. 1966 నాటి చెఱకు నియంత్రణపు టుత్తరువు, చెఱకప్పగించిన 14 దినములలో సొమ్ము చెల్లింపవలెననియు, ఆలస్యమైనచో ఏటికి నూటికి 15 వంతున వడ్డీ యీయవలెననియు చెప్పుచున్నది. ఇది హద్దు గల వాక్యము. “ప్రతి రైతునకును ఒకనాడు సొమ్ము ముట్టును” అనునది హద్దు లేనిది; ఇరువది యేండ్లకు చెల్లించినను అబద్ధము కాదు. అట్లే “ప్రతి రైతునకు జవాబు చెప్పు అధికారి యొకడు గలడు” అనుట వేఱు, “ఒక యధికారి గలడు, అతడు ప్రతి రైతునకు జవాబు చెప్పును” అనుట వేఱు. మాటల వరుస మాఱగా భారము మాఱినది.

అన్నిటికంటె మోసకరమైనది ఖాళీ వాక్యము. మూతపడిన కర్మాగారమువాడు, “ఈ యేట మాకు చెఱకు తోలినవారిలో బాకీ రావలసినవా డొక్కడును లేడు” అనెననుకొందము. ఫ్రేగే మార్గమున నది సత్యమే! తోలినవాడే లేనప్పుడు బాకీ గలవా డెట్లుండును? కావున “అందఱు” అను మాట వినగానే, “అట్టివారొక్కరైనను గలరా?” యని యడుగుట బుద్ధిమంతుల పని.

ఈ ప్రశ్నలకు గుర్తులు, పలకలు అక్కఱలేదు. పత్రిక చదువు తల్లియు, పద్దు వ్రాయు తండ్రియు బిడ్డలకు వీనిని అలవాటు చేయవచ్చును: వాక్యమును విప్పుము, నిషేధ మెక్కడ నున్నదో చూడుము, వాదమును కూల్చు ఉదాహరణము నొక్కదానిని వెదకుము. సంఘసంస్కారము వేదికలపై మాత్రమే జరుగునది కాదు. మన నోటినుండి వెలువడు “అందఱు”, “ఎన్నడును” అను మాటలకు మనమే లెక్క చెప్పుకొనుట దాని మొదటి మెట్టు.