నాయకుడు లేని ఊరేగింపు: క్రిటికల్ మాస్ పనితనం

శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్కెట్ స్ట్రీట్ అఖాతం ఒడ్డుకు చేరేచోట ఒక పెద్ద ఆవరణ ఉంది. చాలాకాలం దాన్ని జస్టిన్ హెర్మన్ ప్లాజా అన్నారు, ఇప్పుడు ఎంబార్కడెరో ప్లాజా అంటున్నారు. 1992 సెప్టెంబర్ ఆఖరి శుక్రవారం సాయంత్రం, ఆఫీసులు వదిలే వేళకు, సుమారు 50 మంది సైకిళ్లతో అక్కడ కలుసుకున్నారు. రోజూ కార్ల పక్కన ఒక్కొక్కరే బిక్కుబిక్కుమంటూ ఇంటిదారి పట్టేవాళ్లు ఆ రోజు ఒకే గుంపుగా బయల్దేరారు. మొదట్లో దీన్ని ‘కమ్యూట్ క్లాట్’ అనేవారు. కొద్దికాలానికే ‘క్రిటికల్ మాస్’ అనే పేరు స్థిరపడింది. ఆ యాభైమంది కొన్నేళ్లలో వేలమంది అయ్యారు. అదే పేరుతో, అదే తీరుతో ప్రపంచంలోని వందలాది నగరాల్లో సైకిళ్లు రోడ్డెక్కాయి.

దీని గురించి రాసినవాళ్లలో చాలామంది సైకిలు హక్కుల గురించో ట్రాఫిక్ చిక్కుల గురించో రాశారు. నన్ను కట్టిపడేసేది దీని నిర్మాణం. అధ్యక్షుడు, కార్యవర్గం, ఖాతా, సభ్యత్వం ఏదీ లేకుండా మూడు దశాబ్దాలు దాటి నిలిచిన ఊరేగింపును ఎలా తయారుచేశారు? దగ్గరగా చూస్తే ప్రతి అతుకులోనూ ఆలోచన కనిపిస్తుంది.

పేరుతోనే మొదలుపెడదాం. టెడ్ వైట్ అదే 1992లో ‘రిటర్న్ ఆఫ్ ద స్కోర్చర్’ అనే డాక్యుమెంటరీ తీశాడు. అందులో న్యూయార్క్‌కు చెందిన సైకిల్ రూపకర్త జార్జ్ బ్లిస్ చైనాలో తాను చూసినది చెబుతాడు. సిగ్నళ్లు లేని కూడలి దగ్గర సైకిళ్లవాళ్లు ఆగుతారు, ఒక్కొక్కరే వచ్చి చేరతారు, సరిపడా పోగవగానే అందరూ కలిసి ముందుకు తోసుకుపోతారు, అప్పుడిక కార్లే ఆగుతాయి. ఆ సరిపడా పోగునే అతను ‘క్రిటికల్ మాస్’ అన్నాడు, ఊరేగింపుకు పేరు అక్కడి నుంచే వచ్చింది. అమీర్‌పేటలో రోడ్డు దాటిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. ఒక్కడు చెయ్యి చూపిస్తే ఆటో కూడా ఆగదు, పదిమంది పోగై ఒక్కసారి అడుగేస్తే బస్సు సైతం ఆగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్లు ఈ చిన్న సూత్రాన్ని పట్టుకుని నగరమంత పొడవుకు సాగదీశారు.

వాళ్లు గట్టిగా బిగించినవి రెండే: రోజు, చోటు. నెలలో ఆఖరి శుక్రవారం సాయంత్రం, ఫలానా ఆవరణ. ఈ ఎంపికలో ఎంత లెక్క ఉందో చూడండి. వారం చివరి పనిదినం కాబట్టి సైకిలు మీద ఉద్యోగానికి వెళ్లేవాళ్లు బండితో సహా అప్పటికే ఊరి మధ్యలో ఉంటారు. మర్నాడు సెలవు కనుక తొందర ఉండదు. రోడ్డు మీద కార్లు బాగా కిక్కిరిసే వేళ కనుక గుంపు అందరి కంటా పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ ఎవరినీ పిలవనక్కరలేదు. తేదీ గుర్తుంటే చాలు. ఒక నెల మొదలుపెట్టినవాళ్లంతా ఊళ్లో లేకపోయినా ఊరేగింపు కదులుతుంది.

మిగతావన్నీ వదులుగా ఉంచారు. ఆ వదులును నింపడానికి దొరికిన సాధనం జిరాక్స్ మిషన్. మాట ఉన్నవాడెవడైనా దాన్ని కాగితం మీద పెట్టి, కాపీలు తీసి, ఆవరణలో పంచవచ్చు. దారి పటాలు, బొమ్మలు, వాదనలు, ఫుట్‌పాత్ మీద నిలబడి చూసేవాళ్లకు ఇచ్చే చీటీలు అన్నీ అలాగే పుట్టాయి. ఈ పద్ధతికి ‘జెరోక్రసీ’ అని పేరు పెట్టుకున్నారు. తొలినాళ్లలో ఒకే సాయంత్రం రెండు మూడు దారి పటాలు చేతులు మారేవి. ఎక్కువమంది ఏదంటే ఆ దారిన పోయేవారు. గీసినవాడికి ఆ పూట కాస్త పెద్దరికం, రాత్రికి అదీ అయిపోయేది. మళ్లీ నెలకు మరొకరి కాగితం. మొదటి నుంచీ ఉన్న రచయిత క్రిస్ కార్ల్‌సన్ లాంటివాళ్లు తమ అభిప్రాయాలను కూడా ఇలా కరపత్రాలుగానే గుంపు ముందు పెట్టారు. హోదా వల్ల కాక నచ్చడం వల్లే మాట చెల్లుబాటయ్యే ఏర్పాటు ఇది.

ఇక రోడ్డెక్కాక జరిగే పనికి నిజమైన నేర్పు కావాలి. గుంపు బలం దాని చిక్కదనంలో ఉంది. మధ్యలో సందు పడితే కారు దూరుతుంది, గుంపు రెండు ముక్కలవుతుంది, అప్పుడు దెబ్బలు తగులుతాయి. అందుకే ముందున్నవాళ్లు నెమ్మదిగా తొక్కాలి, ఎర్ర దీపం పడితే ఆగి వెనకవాళ్లను కలుపుకోవాలి. ముందువాళ్లు కూడలి దాటాక దీపం మారితే మాత్రం తోక దాటేదాకా గుంపు ఆగదు. పక్క వీధి నుంచి వచ్చే కార్లకు ఎదురుగా ఇద్దరు ముగ్గురు సైకిళ్లు అడ్డంపెట్టి నిలబడతారు. దీన్ని ‘కార్కింగ్’ అంటారు, సీసాకు బిరడా వేసినట్టన్నమాట. ఆ పని ఎవరికీ అప్పగించి ఉండదు. అంచున ఉన్నవాడు ఖాళీని చూస్తాడు, వెళ్లి నిలబడతాడు, తోక దాటాక గుంపులో కలిసిపోతాడు. తర్వాతి కూడలిలో మరెవరో.

బాగా చేసినప్పుడు ఈ పని చూడముచ్చటగా ఉంటుంది. నిలబడినవాడు డ్రైవరుతో మాట కలుపుతాడు, చీటీ ఇస్తాడు, ఆగినందుకు థాంక్స్ చెబుతాడు. అంబులెన్స్ వస్తే గుంపు చీలి దారి ఇవ్వాలి. చెడగొట్టేవాళ్లూ ఉన్నారు. ఎదురు వరుసలోకి దూసుకెళ్లి కార్లవాళ్లతో గొడవకు దిగే కుర్రకారును పాతవాళ్లు కరపత్రాల్లోనే మందలించారు. బస్సులో ఇరుక్కున్న ప్రయాణికుడి విసుగు కూడా న్యాయమైనదే. పెత్తనం లేని చోట మర్యాదను ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాల్సిందే, అది ప్రతిసారీ కుదరదు.

ఈ నిర్మాణానికి గట్టి పరీక్ష 1997 జులైలో ఎదురైంది. మేయర్ విల్లీ బ్రౌన్ ఊరేగింపును అదుపులో పెట్టదలచాడు. కొందరు సైకిలువాళ్లతో మాట్లాడి, పోలీసులు వెంట ఉండే ఒక దారిని ఖాయం చేయించాడు. ఆ శుక్రవారం వేలమంది వచ్చారు. ఒప్పుకున్నవాళ్లు తమ తరఫున మాత్రమే ఒప్పుకున్నారు. గుంపు ఆ దారిని వదిలి పాయలు పాయలుగా ఊరంతా పరుచుకుంది. వందమందికి పైగా అరెస్టయ్యారు. మరుసటి నెల ఆఖరి శుక్రవారం సైకిళ్లు మళ్లీ వచ్చాయి. మాట తీసుకోవడానికి, కొనేయడానికి, బెదిరించడానికి ఒక మనిషంటూ లేకపోవడం ఎంత పెద్ద రక్షణో ఆ వేసవిలో తేలింది.

లండన్‌లో పరీక్ష న్యాయస్థానంలో జరిగింది. అక్కడ 1994 నుంచి వాటర్లూ వంతెన దగ్గర, థేమ్స్ దక్షిణపు ఒడ్డున కలుసుకుంటున్నారు. 1986 నాటి చట్టం ప్రకారం ఊరేగింపు తీయాలంటే తేదీ, వేళ, దారి, నిర్వాహకుడి పేరు ముందుగా పోలీసులకు చెప్పాలి. ఆ నోటీసు లేదు కనుక ఇది చట్టవిరుద్ధం కావచ్చంటూ 2005లో పోలీసులు పాల్గొనేవాళ్లకు కాగితాలు పంచారు. డెస్ కే అనే పర్యావరణ కార్యకర్త కోర్టుకెళ్లాడు. హైకోర్టులో గెలిచి, అప్పీలులో ఓడి, 2008 నవంబర్‌లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో గెలిచాడు. ఆనవాయితీగా జరిగే ఊరేగింపులకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది, దారి ఎప్పటికప్పుడు మారినా ఇది ఆనవాయితీయే అని లార్డ్స్ తేల్చారు. నెలనెలా అదే రోజు, అదే చోటు అన్న పట్టుదలే చివరికి చట్టం ముందు కవచమైంది.

ఇదే పనిని మరో రకంగా చేసినవాళ్లూ ఉన్నారు. బుడాపెస్ట్‌లో నెలకోసారి కాకుండా ఏడాదిలో ఒకటి రెండు పెద్ద ఊరేగింపులే పెట్టుకుని, పోలీసులతో మాట్లాడి దారి ముందే ఖాయం చేసుకున్నారు. 2008 ఏప్రిల్‌లో సుమారు 80,000 మంది వచ్చారు. చివర్లో అందరూ ఒకేసారి సైకిళ్లను తల మీదికి ఎత్తడం వాళ్ల ఆచారంగా ఉండేది. పసిపిల్లలతో వచ్చిన కుటుంబాలకు అక్కడ నిశ్చింత ఎక్కువగా ఉండేది. దాని అందాన్ని కాదనను. అయితే అంత పెద్దదాన్ని నడపాలంటే నిర్వాహకులు కావాలి, వాళ్లు అలసిపోతే ఊరేగింపూ అలసిపోతుంది.

నా మనసు శాన్‌ఫ్రాన్సిస్కో పద్ధతి వైపే మొగ్గుతుంది. మన ఊళ్లలో ఏ సభ తలపెట్టినా మొదట వేదిక, బ్యానరు, ముఖ్య అతిథి గుర్తొస్తాయి. వచ్చినవాళ్లకు కుర్చీలో కూర్చోవడం తప్ప పని ఉండదు. క్రిటికల్ మాస్‌లో చూసేవాళ్ల కోసం కుర్చీ వేయలేదు. ఈ నెల మొదటిసారి వచ్చిన అమ్మాయి దారి పటం గీసి పంచవచ్చు, కూడలిలో కార్లకు అడ్డం నిలబడవచ్చు, ముందువరుసలో ఉండి వేగాన్ని అదుపుచేయవచ్చు. 1992లో మొదలుపెట్టినవాళ్ల చేతిలోనూ ఇంతకుమించి ఏ అధికారమూ లేదు. కొత్తగా వచ్చినవాళ్లకూ మొదలుపెట్టినవాళ్లకూ ఒకే పనిముట్లు అందేలా ఒక వేడుకను అమర్చడం నాకు తెలిసిన ప్రజా కార్యక్రమాలన్నిటిలోకీ గొప్ప పనితనం.