తెగి అతుక్కునే చెమ్మ

హైడ్రోజెల్ ముక్కా, నిన్ను చూడగానే తాటిముంజ గుర్తొచ్చింది. ఒళ్లంతా నీళ్లే, అయినా కారిపోవు. అరచేతిలో వేసుకుంటే చల్లగా వణుకుతావు. ల్యాబులో ఒకమ్మాయి నిన్ను బ్లేడుతో రెండుగా కోసి, ఒక ముక్కకు నీలిరంగు పట్టించి, అంచులు రెండూ ఆనించి వదిలేసింది. జిగురు పుయ్యలేదు, వేడి చూపలేదు. కాసేపాగి పట్టకారుతో ఒక చివర ఎత్తితే రెండో ముక్కా వెంటే లేచింది. అతుకు దాటి నీలం మెల్లగా ఇవతలికి పాకుతోంది.

నీ పుట్టిల్లు రొయ్య పెంకు. భీమవరం చుట్టుపక్కల ఆడవాళ్లు వలిచి పోసే కుప్పల్లో, ఈగలు ముసిరే ఆ నీచు వాసనలో ఉంది నీ మూలం, కైటిన్. 1811లో ఆన్రీ బ్రకొనో దాన్ని పుట్టగొడుగుల్లో కనిపెట్టాడు. పెంకులోని సున్నాన్ని యాసిడ్‌తో కడిగి, ఘాటైన క్షారంలో ఉడికిస్తే అది కైటోసాన్ అవుతుంది, దాని అణువుల గొలుసు పొడవునా అమైన్లు బయటపడతాయి. డెక్స్‌ట్రాన్ అనే మరో గొలుసు ఉంది, పంచదార తిని బాక్టీరియా అల్లేది. దాన్ని కాస్త ఆక్సీకరిస్తే ఆల్డిహైడ్లు మొలుస్తాయి. అమైన్, ఆల్డిహైడ్ కలిసిన చోట 1864లో హ్యూగో షిఫ్ చెప్పిన ముడి పడుతుంది. ఆ ముడి ఊరికే ఉండదు. విడుతూ, మళ్లీ పడుతూనే ఉంటుంది. నీ గుట్టంతా అక్కడే. పీటముడి తెగితే తెగినట్టే, నీది వదులు ముడి గనకే తెగిన చోట మళ్లీ చెయ్యి దొరుకుతుంది.

నిన్ను పుండు మీద కట్టుగా వెయ్యాలన్నదే ఆ అమ్మాయి ఆశ. మా అమ్మకు షుగరు. మడమ మీద పుండు. కట్టు మార్చే పూట సెలైన్‌తో ఎంత తడిపినా, కొత్తగా పట్టిన లేత చర్మం గాజుగుడ్డతో పాటే లేచి వచ్చేది. అమ్మ అరిచేది కాదు, మంచం కోడు పట్టుకునేది. పుండు ఎండాలి, పక్కు కట్టాలి అనుకునేవాళ్లం అందరం. చెమ్మగా ఉంచిన గాయం మీదే చర్మం త్వరగా కమ్ముతుందని 1962లోనే జార్జి వింటర్ పందుల మీద చూపించాడు. ఆ మాట మా గుమ్మం దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో!

చెమ్మ ఉన్నచోట క్రిములూ చేరతాయి కదా. కాస్త ఆమ్లం తగిలితే నీ అమైన్లు ధనావేశం పుంజుకుంటాయి. క్రిమి పైపొరది రుణావేశం. లాగి పట్టుకుంటావు, పొర చిరిగి లోపలిది బయటికి కారిపోతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్‌లలో మొదటిది. ఇవాళ వాటికీ లొంగని క్రిములున్నాయి. ఆ సీమ రొయ్యల్లోంచే నువ్వు మరో దారిన బయల్దేరావు.

నీకింకా బలం చాలదు, తెలుసు. ముడి ఎంత వదులైతే అంత త్వరగా అతుకుతావు, అంత తేలిగ్గా సాగిపోతావు కూడా. రెండూ కుదిరే పాళ్ల కోసమే ఆ అమ్మాయి పొద్దుగూకినా బల్ల దగ్గర్నుంచి లేవడం లేదు. నిన్ను వేలి కణుపు మీద పరిచి వేలు వంచింది. సన్నగా చీలావు. వేలు చాపింది. నాకు మాత్రం అక్కడ అమ్మ మడమే కనిపిస్తోంది. చీలిక అంచులు ఒకదాన్నొకటి తాకాయి.