గద్దర్ కట్టిన పాట

మేడ్చల్ దగ్గరి రావల్కోల్ నుంచి చూస్తే ఉత్తరాన తూప్రాన్, దక్షిణాన ఆల్వాల్. గద్దర్ పుట్టింది తూప్రాన్‌లో. ఇల్లు కట్టుకుని, మహాబోధి విద్యాలయం నడిపి, 2023 ఆగస్టులో అదే బడి ఆవరణలో మట్టిలో కలిసింది ఆల్వాల్‌లో. ఆయన పాటకు ముడిసరుకు ఈ రెంటి మధ్యనున్న మేడ్చల్ పల్లెల్లాంటి ఊళ్లలోనే ఉంది: నాట్లేసే ఆడవాళ్ల వంతపాట, కురుమల ఒగ్గు కథ, మాదిగ డప్పు, రాత్రంతా సాగే బాగోతం. ఆయన పోయాక విప్లవోద్యమం గురించీ, ఒంట్లో మిగిలిపోయిన తూటా గురించీ చాలా రాశారు. పాటను ఆయన ఎలా కట్టారన్నది మాత్రం పక్కకుపోయింది. నాకు ఆ విద్య గురించి మాట్లాడాలని ఉంది.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్. పేద దళిత కుటుంబం. తొలి బాణీలు తల్లి లచ్చుమమ్మ నోటివే. చదువుకునే రోజుల్లోనే బుర్రకథ దళం కట్టారు. ఆ ప్రదర్శన చూసిన బి. నర్సింగరావు ఆయన్ని ఆర్ట్ లవర్స్ బృందంలోకి పిలిచారు. 1972లో అదే జననాట్యమండలి అయింది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు తోడయ్యారు. 1913లో అమెరికాలోని భారతీయులు పెట్టిన గదర్ పార్టీ పేరు పాటల పుస్తకానికి పెట్టుకుంటే, జనం ఆ పేరును పాడేవాడికే పెట్టేశారు.

బుర్రకథలో నడుమ కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం పలికిస్తారు, ఇంకొకరు రాజకీయం మాట్లాడతారు. 1940లలో ప్రజానాట్యమండలి కోసం షేక్ నాజర్ ఈ రూపాన్ని పదునుపెట్టారు. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులతో అదే పని చేశారు. గద్దర్ వాళ్ల వారసుడే కానీ, ముగ్గురి పనినీ ఒక్క గొంతులోకి తెచ్చుకున్నారు. ఒకే పాటలో ఆయనే కథ చెబుతారు, ఆయనే దొరై గద్దిస్తారు, మరుక్షణం కొడుకును పోగొట్టుకున్న తల్లి అవుతారు. వేషం మారదు. మారేది నడుము వంపూ, గొంతూ, భుజం మీది గొంగడి పట్టుకునే తీరూ. కప్పుకుంటే ముసలమ్మ, నడుముకు బిగిస్తే కూలివాడు, విసిరి భుజాన వేస్తే పోరాటానికి కదిలినవాడు. తెర లేదు, రంగు లేదు, దీపాల అమరిక లేదు. గొంగడి, ధోవతి, చేతికర్ర, కాళ్లకు గజ్జెలు, ఒక డప్పు. వీటితోనే నాటకం నిలబడాలి.

పాట ఎత్తుకోవడంలోనే సగం పనితనం ఉంది. ముందు తాళం లేకుండా పైస్థాయిలో ఒక పిలుపు. పొలం ఆ గట్టునుంచి ఈ గట్టుకు మనిషిని కేకేసినట్టుండే ఆ రాగం జనాన్ని నిమ్మళింపజేస్తుంది. ఆ తర్వాతే డప్పు దరువు అందుకుంటుంది. పల్లవి పొట్టిగా ఉంటుంది. బాణీ నాలుగైదు స్వరాలు దాటి పెద్దగా తిరగదు. మొదటిసారి వింటున్నవాళ్లు రెండో చరణానికల్లా వంత కలపగలగడానికి కారణం ఇదే. సంగీతం తెలిసినవారికి ఇది తక్కువగా కనిపించవచ్చు. పదివేల మంది ఒకే ఊపిరితో పాడగలిగే బాణీ కట్టడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుస్తుంది.

చరణం మధ్యలో హఠాత్తుగా పాట ఆగుతుంది. గజ్జె ఆగదు. ఆ సన్నటి లయ మీద ఆయన మాట అందుకుంటారు: ఊరి సంగతి, మొన్న జరిగిన దాడి, ఎదురుగా కూర్చున్న అవ్వతో ఒక పలకరింపు. ఆ మాట మెల్లగా బిగుసుకుంటూ పోయి, చివరి పదం పల్లవి మొదటి పదానికి సరిగ్గా తగులుతుంది. డప్పు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఒగ్గు కథలోనూ వచనం, పాట ఇలాగే అల్లుకుని నడుస్తాయి. అక్కడ మల్లన్న పెళ్లీ, బీరప్ప పుట్టుకా కథలైతే, ఇక్కడ నిన్నటి వార్తే కథ.

నా మట్టుకు అన్నిటికన్నా గొప్ప పనితనం శోకంలో ఉంది. మన ఊళ్లలో చావు జరిగితే ఆడవాళ్లు శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. పోయినవాడి మంచితనం, అలవాట్లు, అప్పులు, అలకలు అన్నీ ఆ ఏడుపులో వరసగా వస్తాయి. ఆ రాగాన్ని గద్దర్ అమరుల పాటల్లోకి తెచ్చారు. ఎన్‌కౌంటర్లలో పోయినవారి మృతదేహాలు కుటుంబాలకు దక్కాలని 1990లలో తిరిగిన మనిషికి ఆ శోకం వేదిక కోసం నేర్చుకున్నది కాదు. ఏడుపుగా మొదలై, దరువు మారి, నడకగా ముగిసే ఆ పాటలు వినేవాళ్లను కూలబడనివ్వవు.

పాట, మాట, దరువు కలిపే ఇదే విద్యను వంగపండు 'భూమి బాగోతం'లో పూర్తి నృత్యనాటకంగా విస్తరించారు. వీధిబాగోతపు ప్రవేశ దరువుల్లో దేవుళ్లు వచ్చే చోట భూమి తగాదాను ఆడించారు.

గద్దర్ కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేశారు, వదిలేశారు. 1985 తర్వాత అజ్ఞాతవాసం. 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో మళ్లీ గజ్జె కడితే ఇసక వేస్తే రాలనంత జనం. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. ఒక తూటాను తీయడానికి వీల్లేక వైద్యులు అలాగే వదిలేశారు. ఆ ఒంటితోనే మరో పాతికేళ్లు ఎగిరి ఆడారు. సినిమా ఆయన్ని అప్పుడప్పుడూ పిలిచింది. 'మా భూమి'లో యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి'ని ఆయన పాడుతూ కనిపిస్తారు. 2011లో వచ్చిన 'జై బోలో తెలంగాణ'లోని 'పొడుస్తున్న పొద్దు మీద' పాట తెలంగాణ ఉద్యమంలో ఊరూరా మోగింది.

పాటల పుస్తకాల్లో పల్లవి, చరణాలు మాత్రమే అచ్చయ్యాయి. మధ్యలోని మాట లేదు, దరువు ఎక్కడ మారిందో గుర్తు లేదు, గొంగడి ఎప్పుడు జారిందో రాయలేదు. ఆయనతో కలిసి గజ్జె కట్టినవాళ్లు, డప్పు కాచి వాయించినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. విశ్వవిద్యాలయాల జానపద శాఖలు వాళ్లను కూర్చోబెట్టి ఒక్కో పాటనూ ప్రదర్శన మొత్తంతో సహా, వంతలతో, అడుగులతో రికార్డు చేయాలి. మేడ్చల్ బడుల్లోని పిల్లలు ఒగ్గు డోలు పక్కనే ఈ పద్ధతినీ నేర్చుకోవచ్చు. నాలుగు స్వరాలు, ఒక డప్పు చాలు మొదలుపెట్టడానికి.